క్షమించే హక్కు ఎవరిది?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లం తరాలుగా ఉన్నాం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చిన కుటుంబాలు మావి. ఒకే వరస క్వార్టర్లలో ఒక ఇంట ఏసు పటం, పక్కింట బాబాసాహెబ్ పటం, మా ఇంట బుద్ధుడు. మతం మార్చుకున్నాం గానీ స్వగ్రామానికి వెళ్తే మమ్మల్ని పిలిచే కులం పేరు ఒక్కటే.

కొన్నేళ్ల కిందట పక్క క్వార్టరు పెద్దాయన, రిటైరైన గ్యాంగ్‌మన్, మా ఇంటికొచ్చాడు. ఊళ్లో పెద్దకులాల వీధిలో బండి దిగకుండా వెళ్లాడని ఆయన మేనల్లుణ్ణి చెయ్యి విరిగేలా కొట్టారు. "నాయనా, నువ్వు లా చదివినోడివి. కేసు పెట్టాలా? ప్రభువు రెండో చెంప చూపమన్నాడు కదా" అని అడిగాడు. "ఊళ్లో బతకాలి కదా మావయ్యా, రాజీ పడండి" అన్నాను. పడ్డారు. ఏడాది తిరక్కుండానే ఆ కుర్రాళ్లే ఇంకొకణ్ణి కొట్టారు. ఆ రెండో దెబ్బలో నా మాటకు వాటా ఉందా అన్నది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న.

రెండో చెంప మాట దెబ్బతిన్నవాడికి చెప్పింది. ప్రతీకారంతో వాడు కూడా కొట్టినవాడిలా మారిపోకూడదని చెప్పింది. పక్కన నిలబడి చూసినవాడు ఆ మాటను దెబ్బతిన్నవాడికి వినిపిస్తే అది బోధ కాదు, బెదిరింపు. ఈ తేడా క్రైస్తవులకు తెలియనిది కాదు. అమెరికాలో జాతి వివక్షపై పోరాడిన పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి లేఖ రాసింది, ఓపిక పట్టమన్న తోటి మతగురువులకే. ఆయన చెయ్యెత్తలేదు, అలాగని రాజీ కూడా పడలేదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రహం స్టెయిన్స్‌నూ ఇద్దరు చిన్న కొడుకులనూ సజీవదహనం చేశారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించారు. అయినా తన క్షమ వేరు, నేరానికి చట్టం వేసే శిక్ష వేరు అన్నారు. తన గాయాన్ని తాను క్షమించే హక్కు ఆమెది. కోర్టు పని కోర్టుది.

మరి కొట్టింది ఒక్కడు కాక ఊరే అయితే? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. చుండూరు కేసులో ఆ ఊళ్లోనే కొలువైన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చంపారో ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందన్నది. నేరానికి వ్యక్తిని చూపమంటుంది చట్టం. గుంపు బలమంతా వ్యక్తిని దాచడంలోనే ఉంది.

మానవులందరూ పాపులే అంటుంది క్రైస్తవం. ఆ మాటలో వినయం ఉంది, ప్రమాదమూ ఉంది. అందరూ దోషులే అయితే ఎవరూ దోషి కాకుండా పోవచ్చు. మన ధమ్మం చేతననే కమ్మం అంటుంది. గుంపులో వందమంది ఉంటే వంద చేతనలు ఉంటాయి. కర్ర ఎత్తినవాడిది ఒకటి, దారి చూపినవాడిది ఒకటి, తలుపు వేసుకున్నవాడిది ఒకటి. ఇవి సమానం కావు, కానీ ఏదీ సున్నా కాదు. అంగులిమాలుడు భిక్షువయ్యాక కూడా భిక్షకు వెళ్తే రాళ్లు తగిలాయి. ఓర్చుకోమన్నాడు బుద్ధుడు. మనిషి మారినా చేసినదాని ఫలం మాఫీ కాదు.

మనమూ ఒక జాగ్రత్త పాటించాలి. దెబ్బతిన్నవాడితో "నీ పూర్వజన్మ కర్మ" అనే బౌద్ధులు ఇంకా ఉన్నారు. బాబాసాహెబ్ ఆ సిద్ధాంతాన్ని 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో నిరాకరించారు. బాధితుడి నోరు మూయించడానికి రెండో చెంప ఎంత పనికొస్తుందో, పూర్వజన్మా అంతే పనికొస్తుంది.

ఇంకో నిజం చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వును 1990లో సవరించి బౌద్ధులను షెడ్యూల్డ్ కులాల్లో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవంలోకి మారినవారు అత్యాచార నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా చెప్పింది. అదే వీధిలో అదే కర్ర నా మీదా మావయ్య మేనల్లుడి మీదా పడితే నాకు ఒక చట్టం, అతనికి ఇంకొకటి. కొట్టేవాడు మాత్రం బాప్తిస్మం పత్రం అడగడు. ఈ తేడాను చూసి ఊరుకుంటే మనదీ తలుపు వేసుకున్నవాడి చేతనే అవుతుంది.

మావయ్య ఇప్పుడు లేడు. ఆయనకు చెప్పాల్సిన మాట, ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లకు చెబుతున్నాను. "క్షమ మీ మనసుది. ఎప్పుడు ఇస్తారో, అసలు ఇస్తారో లేదో మీ ఇష్టం. అడిగే హక్కు నాకు లేదు. ముందు ఫిర్యాదు రాద్దాం. సాక్షిగా నా పేరు కూడా పెట్టండి."

జై భీమ్. నమో బుద్ధాయ.