ఇంద్రవెల్లి: మౌనం ఎవరి హక్కు?

మాలో ఒకరు ఐదో తరగతి పిల్లలకు ‘మా ఊరి చరిత్ర’ అని పది వాక్యాలు రాయమన్నారు. వాళ్ళు ఇంద్రవెల్లి చుట్టుపక్కల గూడేల పిల్లలు. అందరూ ఇంచుమించు ఒకేలా రాశారు. మా ఊరు మండల కేంద్రం, మా ఊళ్ళో బస్టాండు ఉంది, బ్యాంకు ఉంది, పోలీస్ స్టేషన్ ఉంది, అంగడి జరుగుతుంది అని. ఒక పాప మాత్రం చివర్లో ఇంకో వాక్యం రాసింది. “ఊరి బయట ఎర్ర స్తూపం ఉంది. అది ఎందుకు ఉందో మా ఇంట్లో చెప్పరు.”

ఆ వాక్యం దగ్గర సార్ ఎర్ర పెన్ను ఆగిపోయింది. అందులో దిద్దాల్సిన తప్పేమీ లేదు. మా ఇళ్ళల్లో కూడా చెప్పలేదు. మేమూ ఆ స్తూపాన్ని బస్సు కిటికీలోంచి చూస్తూ పెరిగినవాళ్ళమే. ఆ కాగితం మా చేతికి వచ్చినప్పటి నుంచి ఒక ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు. మన పెద్దలు చెప్పకుండా దాచుకున్నది మనం బయటికి తీయవచ్చా? తీయకపోతే అది తప్పవుతుందా?

ఇంద్రవెల్లి పెద్ద ఊరేమీ కాదు. గుడిహత్నూర్ దగ్గర పెద్ద రోడ్డు వదిలి ఉట్నూరు వైపు తిరిగితే దారిలో వస్తుంది. గోండి, మరాఠీ, తెలుగు, ఉర్దూ నాలుగూ ఒక్క అంగట్లో వినిపించే ఊరు. ఊళ్ళో ఇంద్రాదేవి ఉంది. పుష్యమాసంలో మెస్రం వాళ్ళు గోదావరి జలం మోసుకుంటూ కాలినడకన వచ్చి, ఈ తల్లికి మొక్కి, ఆ తర్వాతే కేస్లాపూర్ నాగోబా దగ్గరికి పోతారు. ఊరు గురించి రాయమంటే మనవాళ్ళయినా, బయటివాళ్ళయినా జాతర గురించి రాస్తారు. జాతర గురించి రాయడం సులువు. స్తూపం గురించి రాయడమే కష్టం.

చిన్నప్పుడు మమ్మల్ని అంగడికి తీసుకుపోయేది మా కాకో, అంటే అమ్మమ్మ. గంపలో ఇప్పపువ్వో, కందులో ఉండేవి. సేఠ్ తూకం వేసేటప్పుడు ఆమె ముల్లు వైపు చూసేది కాదు, నేల వైపు చూసేది. ఎంత ఇస్తే అంత కొంగున కట్టుకునేది. తిరిగి వచ్చేటప్పుడు స్తూపం కనబడే చోట మా చెయ్యి గట్టిగా పట్టుకుని నడక పెంచేది. “కాకో, అదేంటి?” అని అడిగితే, “పొద్దు పోతోంది, నడువు” అనేది. అదొక్కటే జవాబు. మేము చదువుల కోసం ఆశ్రమ పాఠశాలకు, అక్కడి నుంచి ఆదిలాబాద్‌కు పోయాం. ఆ రోజు ఏం జరిగిందో హాస్టల్‌లో ఎవరో తెచ్చిన పాత పత్రికలో మొదటిసారి చదివాం. మన ఇంటి కథ పరాయి కాగితంలో చదవడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

తెలిసినంత వరకు ఇక్కడ చెప్పుకుందాం. 1981 ఏప్రిల్ 20, సోమవారం. అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం ఇంద్రవెల్లిలో సభ పెట్టింది. అడిగినవి కొత్త కోరికలు కావు. దున్నుకుంటున్న పోడు భూములకు పట్టాలు కావాలన్నారు. పోయిన భూములు తిరిగి రావాలన్నారు. షావుకారు దోపిడీ ఆగాలన్నారు, పంటకు సరైన ధర కావాలన్నారు. ఏజెన్సీలో గిరిజనేతరుల పేరిట భూమి మారకూడదని 1970లోనే 1/70 చట్టం వచ్చింది. కాగితం మీద చట్టం ఉన్నా చేను మాత్రం చేతులు మారుతూనే ఉంది. ఆ రోజు సభకు అనుమతి లేదన్నారు. ఆ మాట గూడేలకు చేరలేదు. సభకని కొందరు, అంగడికని కొందరు, రెండింటికీ కలిపి కొందరు నడిచి వచ్చారు. పోలీసులు ఆపారు, తోపులాట జరిగింది, కాల్పులు జరిగాయి. ఒక కానిస్టేబుల్ కూడా చనిపోయాడు. ప్రభుత్వం లెక్కలో చనిపోయిన ఆదివాసులు 13 మంది. పౌరహక్కుల వాళ్ళు, మనవాళ్ళు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు.

తర్వాత స్తూపం కట్టారు. ఒకసారి దాన్ని కూల్చారు. మళ్ళీ లేచింది. చాలా ఏళ్ళు ఏప్రిల్ 20 వచ్చిందంటే ఆ చుట్టూ 144 సెక్షన్ పెట్టేవారు. పువ్వు పెట్టడానికి కూడా పోనిచ్చేవారు కాదు. ఇప్పుడు కాలం మారింది. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రే వచ్చి ఆ స్తూపం దగ్గర నివాళి అర్పించారు. అడ్డు తొలగింది. అయినా మన ఇళ్ళల్లో మాట ఇంకా రాలేదు. ఆపేవాడు లేనప్పుడు కూడా మనం ఎందుకు మాట్లాడడం లేదు?

ముందు పెద్దల వైపు నుంచి ఆలోచిద్దాం. వాళ్ళ మౌనం పిరికితనం అని కొందరు యువకులు అంటారు. మేము ఒప్పుకోం. కాల్పుల తర్వాత పోలీసులు గూడేలకు వస్తే “నువ్వు అక్కడ ఉన్నావా?” అన్న ప్రశ్నకు “లేను” అనడమే బతుకు. గాయం తగిలినవాళ్ళు కొందరు ఆసుపత్రికి కూడా పోలేదు. పోతే పేరు రాసుకుంటారని భయం. అలాంటప్పుడు పిల్లలకు చెప్పకపోవడం వాళ్ళను కాపాడుకోవడమే. పిల్లవాడు బడిలో నోరు జారితే ఇంటి మీదికి వస్తుంది. మా కాకో మా చెయ్యి గట్టిగా పట్టుకున్నది అందుకే అని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మాలో ఒకరు నాలుగేళ్ళ కింద ఒక తాత దగ్గరికి పోయి, సెల్‌ఫోన్ ముందు పెట్టి, “ఆ రోజు ఏమైందో చెప్పు తాతా” అని పదే పదే అడిగారు. ఆయన మొదలుపెట్టాడు. కొంచెం చెప్పి ఆగాడు. చేతులు వణికాయి. ఇంట్లోకి పోయి ఆ పూటంతా బయటికి రాలేదు. కోడలు వచ్చి, “మంచిపని కోసమే అడిగారు గానీ, రాత్రి నిద్ర లేనిది మాకు కదా” అంది. ఆ మాట మాకు తగలాల్సిందే. తెలుసుకోవాలన్న మా ఆత్రంలో ఆయన ఒక మనిషి అన్నది మరిచిపోయాం.

అందుకే మేము ఇలా అనుకుంటున్నాం. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళకు మాట్లాడకుండా ఉండే హక్కు ఉంది. అది వాళ్ళ గాయం. చెప్పాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. కానీ ఆ హక్కు మనకు వారసత్వంగా రాదు. పొలం వస్తుంది, ఇంటిపేరు వస్తుంది, దేవుడు వస్తాడు. మౌనం మాత్రం రాదు. వాళ్ళు మనల్ని కాపాడటానికి నోరు మూసుకున్నారు. మనం నోరు మూసుకుంటే ఎవరిని కాపాడినట్టు? బడి ఉంది, ఉద్యోగం ఉంది, మనకు భయపడాల్సిన పని తగ్గింది. ఇప్పుడు మన మౌనం వల్ల లాభం ఆ రోజు జరిగింది మరుగున పడాలని కోరుకునేవాళ్ళకే.

“కాగితం లేనిది చరిత్ర ఎలా అవుతుంది?” అని చదువుకున్న మనవాళ్ళే అడుగుతారు. మన ఇంట్లో ఉన్నది మరిచి అడిగే ప్రశ్న అది. మన పెర్సాపేన్ దగ్గర కీక్రి వాయిస్తూ వంశం కథ చెప్పే ప్రధాన్ ఏ కాగితం చూసి చెబుతాడు? తరాల పేర్లు, వలస వచ్చిన దారులు, ఎవరు ఎవరికి వరస అన్నీ నోటనే నిలిచాయి. తప్పు చెబితే కూర్చున్న పెద్దలు అక్కడే ఆపుతారు. నోటి మాటకు కూడా సాక్షులు ఉంటారు, దిద్దుబాటు ఉంటుంది. 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన కుమ్రం భీంను కూడా మొదట నిలబెట్టింది విగ్రహం కాదు, గూడేల్లో చెప్పుకున్న మాటే. 2016లో ఒక జిల్లాకు ఆయన పేరు వచ్చింది. అప్పటిదాకా మోసింది మనవాళ్ళ నోళ్ళే.

అయితే నోటి మాట మీద నమ్మకం ఉన్నంత మాత్రాన నచ్చింది కలపకూడదు. లెక్క విషయంలో ఇది ముఖ్యం. పిల్లలు “ఎంతమంది సార్?” అని అడుగుతారు. ప్రభుత్వం 13 అంది, మనవాళ్ళు చాలా ఎక్కువ అంటారు అని రెండూ చెప్పాలి. పెద్ద లెక్క చెబితేనే అన్యాయం పెద్దదవుతుందని అనుకోనక్కరలేదు. ఒక్కడు పోయినా ఆ ఇంటికి అది నూటికి నూరు. అలాగే ఆ రోజు పోయిన కానిస్టేబుల్ గురించి కూడా చెప్పాలి. అతనికీ ఒక ఇల్లు ఉండి ఉంటుంది. అది దాచి చెబితే మనం కూడా సగం చరిత్రే చెప్పినవాళ్ళమవుతాం. సగం చరిత్ర చెప్పారనే కదా ఇన్నాళ్ళూ ఇతరుల మీద మన ఫిర్యాదు.

ఉపాధ్యాయులైన తోటివారికి ఒక మనవి. పాఠ్యపుస్తకంలో లేదని ఆగకండి. ఊరి చరిత్ర రాయమన్నప్పుడు స్తూపం గురించి కూడా అడగండి. పిల్లలను పెద్దల దగ్గరికి పంపేటప్పుడు ముందు అనుమతి అడగడం నేర్పండి. చెప్పనంటే నమస్కారం పెట్టి లేచి రావడం కూడా నేర్పండి. చెప్పినవాళ్ళ మాట వాళ్ళ భాషలోనే రాయించండి, గోండి అయితే గోండిలోనే, కోలామి అయితే కోలామిలోనే. యువకులకు ఇంకో మాట. స్తూపం దగ్గర ఫొటో దిగండి, తప్పు లేదు. దిగే ముందు మీ ఇంట్లో ఆ రోజు అంగడికి పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఒక్కసారి అడగండి. మేము మా కాకోను అడగడానికి ధైర్యం చేసేసరికి ఆమె లేదు. ఆ రోజు ఆమె అక్కడ ఉందో లేదో మాకు ఇక ఎప్పటికీ తెలియదు.

నాగోబా దగ్గర మెస్రం ఇంటి కొత్త కోడళ్ళకు భేటి జరుగుతుంది. తెల్లబట్ట కట్టుకుని వచ్చిన కోడలిని పెద్దలు దేవుడి ముందు నిలబెట్టి పరిచయం చేస్తారు. అప్పటినుంచి ఆమె ఆ వంశంలో మనిషి. ఇంద్రవెల్లి పిల్లలకు వాళ్ళ ఊరితో అలాంటి పరిచయం ఇంకా జరగలేదు. అది చేయాల్సిన పెద్దలం ఇప్పుడు మనమే.

ఆ పాప కాగితం మా దగ్గరే ఉంది. వచ్చే ఏప్రిల్‌లో ఆమెను, ఆమె తోటి పిల్లలను తీసుకుని స్తూపం దగ్గరికి పోదామనుకుంటున్నాం. ముందు వాళ్ళ ఇళ్ళకు పోయి పెద్దలను అడుగుతాం. సరే అంటేనే తీసుకుపోతాం. ఆమె వాక్యం కింద ఏం రాయాలో సార్ ఇంకా రాయలేదు. అది ఆమే రాస్తుందని వదిలేశాడు.