ఛాయాగ్రాహకుని నేర్పు

మా ఊరి బజారువీధిలో 40 సంవత్సరములుగా ఛాయాచిత్రశాల నడుపుచున్న పెద్దమనిషి యొకరు కలరు. మొన్నటి వేసవి సెలవులలో పాఠశాల గుర్తింపు పత్రముల పనిమీద మేము వారి యంగడికి పోగా, వారు మమ్ము కూర్చుండబెట్టి యొక ప్రశ్న వేసిరి. "మాస్టారూ, మీరు చదువుకున్న సంస్కృతం పాతబడదు. నేను నేర్చుకున్న విద్య నా కళ్లముందే నాలుగుసార్లు పాతబడింది. ఇప్పుడు నేర్పు పెంచుకోవడమంటే ఏమిటి? కొత్త కెమెరా కొనుక్కోవడమేనా?"

అప్పటికి మేము నవ్వి యూరకుంటిమి. కాని యా ప్రశ్న మమ్ము వదలలేదు. పనిముట్టు మాఱిపోవుచున్న ప్రతి వృత్తివానికిని ఇది ప్రశ్నయే. కనుక దానిని పాఠకుల యెదుట నుంచి విచారింప దలచితిమి.

ఈ విద్యకు పుట్టుకనుండియు పనిముట్ల నిలుకడ లేదు. 1839లో పారిసు నగరమున డాగెరు పద్ధతి వెల్లడియైనప్పుడు బొమ్మ పడినది వెండిపూత గల రాగిరేకుమీద. తరువాత గాజుపలకలు వచ్చినవి. నైజాముగారి యాస్థాన ఛాయాగ్రాహకుడై కీర్తి గాంచిన రాజా దీన్ దయాళ్ (1844-1905) ఈ విద్యలో ప్రవేశించినది తడిపలకల కాలమున. గాజుపలకకు కొలోడియను పూసి, వెండిలవణపు ద్రావణమున ముంచి, తడి యారకముందే పటము తీసి, తడి యారకముందే కడుగవలెను. ఊరు దాటిన ఛాయాగ్రాహకుడు చీకటిడేరాను గూడ వెంట మోయించుకొని పోవలసినదే. 1871లో మాడాక్సు అను ఆంగ్లవైద్యుడు జెలాటిను పూసిన పొడిపలకల మార్గము చూపగా, క్రమముగా ఆ బాధ తీరెను. 1888లో ఈస్ట్‌మన్ నూఱు పటములకు సరిపడు చుట్టతో కోడాక్ పెట్టెను అమ్మకమునకు పెట్టెను. మీట నొక్కి, పెట్టెను కర్మాగారమునకు పంపినచో పటములు తయారై వచ్చెడివి. ఆ సంస్థలోనే 1975లో స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు ఫిలిము లేని కెమెరాను నిర్మించెను. 2012లో ఆ సంస్థయే దివాలా రక్షణ కోరి న్యాయస్థానము నాశ్రయించెను. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అను జర్మను కళాకారుడు, కృత్రిమమేధ చేత కల్పించిన తన బొమ్మకు సోనీ వారి ప్రపంచ ఛాయాచిత్రపు పోటీలో బహుమతి రాగా, అది ఛాయాచిత్రము కాదని తానే చెప్పి దానిని నిరాకరించెను.

ప్రతి మార్పునందును "ఇంక ఈ విద్య చచ్చినది" అని వాపోయినవారు కలరు. నిదానించి చూచినచో చచ్చినది విద్య కాదు, విద్య చుట్టు నున్న శ్రమ. ఆ శ్రమ గౌరవింపదగినదే. కాని శ్రమయు నేర్పును ఒకటి కావు. దీన్ దయాళ్ తడిపలకలను విడిచి పొడిపలకలకు మాఱినప్పుడు ఆయన నేర్పు తగ్గలేదు. 1892లో ఆయన హైదరాబాదున ఘోషాస్త్రీల కొఱకు వేఱుగా నొక చిత్రశాల తెఱచి, దానిని ఒక ఆంగ్లవనిత చేతిలో నుంచెను. పరపురుషుని యెదుట కూర్చుండుటకు వారికిగల సంకోచమును ఏ పెట్టెయు ఆయనకు తెలుపలేదు. ఎదుటి మనిషిని గమనించుటచేతనే అది తెలిసినది. ఛాయాగ్రాహకుని నేర్పులో మొదటి భాగ మిదియే యని మా తలంపు.

కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున ఈ సంగతికి దగ్గఱి ఘట్ట మొకటి కలదు. అగ్నిమిత్రుడు మాళవికను మొదట చిత్రపటమునందే చూచును. చిత్రమునందున్న యందము నిజముగా నుండునా యని శంకించును. రెండవ యంకమున ఆమెను నాట్యరంగముమీద చూచిన పిదప, చిత్రము వ్రాసినవాని సమాధి సడలియుండెనని తలచును. కుంచె మంచిది కాదనలేదు, రంగులు చాలలేదనలేదు, సమాధి సడలినదనుకొనెను. ఎదుట నున్నదానిని ఉన్నట్లు చూడగల ఏకాగ్రతకే కవి యా పేరు పెట్టెను. నేర్పు పెంచుకొనుట యన్న మాటకు ఇంతకంటె మంచి యర్థము మాకు దొరకలేదు.

అయితే నేర్పు తప్పుదారిని గూడ పెరుగగలదు. ఇక్కడ మా యింటి సంగతి చెప్పక తప్పదు. 20 ఏండ్ల క్రిందట మా చెల్లెలికి సంబంధములు చూచుచుంటిమి. ఆమె నలుపు. జాబులలో "చామనచాయ" యని వ్రాయుచుంటిమి గాని, నలుపే. ఈ పెద్దమనిషి తీసిన పటమును చేత బట్టుకొని "కొంచెము రంగు తేల్చండి" అని యడిగినది మా తండ్రిగారు కాదు, మేమే. మనుష్యులను చర్మపు రంగునుబట్టి యెంచుట దోషమని ఆ యేడే తరగతిలో పిల్లలకు పాఠము చెప్పియుంటిమి.

వారు మిక్కిలి నేర్పుతో రంగు తేల్చిరి. ఫిలిము కాలమున నెగెటివు మీద సన్నని పెన్సిలుతో దిద్దెడివారు. గీత పడినచోటు అచ్చులో తెల్లబడును. కంప్యూటరు వచ్చిన పిదప ఆ చేతివాటమే తెఱమీదికి మాఱినది. పెండ్లివారు వచ్చిరి. వారిలో పెద్దావిడ పటమును ఒకమాఱు, పిల్లను ఒకమాఱు చూచి, పటమును బల్లమీద బోర్లించెను. ఎవరును ఏమియు ననలేదు. కాఫీలు త్రాగి వెడలిపోయిరి. ఆ రాత్రి చెల్లెలు మమ్మడిగినది: "అన్నయ్యా, నన్ను నన్నుగా చూపించడానికి నీకు సిగ్గా?"

మేము బదులు చెప్పలేకపోతిమి. అగ్నిమిత్రుని కథ మా యింట తలక్రిందైనది. అచట పటముకంటె మనిషి మిన్నగా కనబడెను. ఇచట మనిషిని పటముకంటె తక్కువ చేసితిమి. అంతకుముందు ఆమెయందు లేని కొఱతను మేము వెలయిచ్చి చేయించితిమి.

పనిముట్టును గూడ నిర్దోషి యనుకొనరాదు. వర్ణచిత్రముల యచ్చు సరిచూచుకొనుటకు కోడాక్ వారు అచ్చుశాలలకు పంపుచు వచ్చిన 'షర్లీ కార్డు' లన్న నమూనాపటములలో ఏండ్లతరబడి తెల్లజాతి యువతియే యుండెను. ఆమె చర్మము సరిగా వచ్చినచో రంగు సరియైనట్లే. నల్లని మొగముల వివరము మాత్రము చీకటిలో కలిసిపోయెడిది. ముదురు గోధుమరంగులను చక్కగ పట్టునట్లు ఫిలిమును బాగుచేయుటకు తొందరపెట్టినవారిలో కొయ్యసామాను వ్యాపారులు, చాకొలెట్టు వ్యాపారులు ఉండిరని ఆ సంస్థలో పనిచేసినవారే తరువాత చెప్పిరి. మనుష్యుల మొగములకు లేని పలుకుబడి బల్లలకు, మిఠాయికి కలిగెనన్నమాట! 2021లో గూగుల్ వారు తమ కొత్త ఫోను కెమెరాను నల్లని చర్మము సరిగా వచ్చునట్లు దిద్దితిమని ప్రకటించిరి. అప్పటికి ఈ విద్య పుట్టి 180 ఏండ్లు దాటినవి.

మా యింట జరిగినది చెప్పినప్పుడు ఆ పెద్దమనిషి చాలసేపు మాటలాడలేదు. పిదప నిట్లనిరి: "తప్పు మీది సగం, నాది సగం మాస్టారూ. నల్లని మొగాన్ని తీయడం నాకు చేతకాక, తెల్లగా దిద్దడం నేర్చుకున్నాను."

అది మొదలు వారు మరల విద్యార్థియైరి. కెమెరాలోని వెలుగుకొలత, తన యెదుట నున్నదంతయు నడితరపు బూడిదరంగని యెంచి లెక్క కట్టును. తెల్లని పట్టుచీర కట్టిన నల్లని పిల్ల యెదుట నున్నచో, చీర వెలుగునుబట్టి పటమంతటిని తగ్గించి మొగమును చీకటి చేయును. కనుక వారు కొలతను మొగముమీదనే తీయసాగిరి. ఎదుటినుండి కొట్టు ఫ్లాషును మాని, ప్రక్క కిటికీ వెలుగును పలుచని తెల్లగుడ్డతో వడగట్టిరి. రెండవ ప్రక్కన తెల్లని యట్ట నిలిపిరి. విశాలమైన వెలుగు ప్రక్కగా సోకినప్పుడు నల్లని చెక్కిలి ఆ వెలుగును నిగనిగలాడుచు పట్టుకొనును. తెల్లని చర్మమునందు ఆ నిగనిగ యంతగా తెలియదు. ఈ పాఠము కుదురుటకు వారికి రెండేండ్లు పట్టెను. కెమెరా మాత్రము పాతదే. అట్లు తీసిన మా చెల్లెలి పటమునకు వారు వెల పుచ్చుకొనలేదు.

"అడిగినది చేసిపెట్టుటయే గదా అంగడివాని ధర్మము? అలంకారమంతయు అబద్ధమేనా?" యని కొంద రనవచ్చును. మొదటి మాటకు మా సమాధానము మెత్తనిదే. రంగు తేల్చనన్నందుకు వారిని విడిచి ప్రక్కవీధికి పోయినవారున్నారు. ఆ నష్టమును నెలజీతము పుచ్చుకొను మావంటివారు తేలికగా మాటలాడరాదు. అందుచేతనే తప్పులో సగము అడిగినవారిదని వారు చెప్పిన లెక్క న్యాయమైనది. రెండవ మాటకు వారే యొక కట్టుబాటు చేసికొనిరి. "వారంలో పోయేదాన్ని తుడుస్తాను. పుట్టుకతో వచ్చినదాన్ని ముట్టను." మొటిమ తుడిచిన పటముతో మనిషి వారము తిరుగక మునుపే కలిసికొనగలదు. చాయ మార్చిన పటముతో ఎన్నటికిని కలియలేదు. జీవితమంతయు దానికి లోకువై యుండవలెను. పువ్వు పెట్టుకొనుట, మంచి చీర కట్టుట ఆ మనిషి తనంతట చేసికొను పనులు. రంగు మార్చుట ఆమె పరోక్షమున ఆమెమీద చెప్పిన తీర్పు.

ఇప్పుడు ఈ తీర్పు చెప్పుటకు అంగడికి పోనక్కఱలేదు. ప్రతి యింట ఫోను కలదు. అడుగకయే చర్మమును నునుపుచేసి తెలుపు చేయు ఫోనులును వచ్చినవి. పది పండ్రెండేండ్ల పిల్లలు తమ మొగమును మొదట అద్దములో గాక ఆ తెఱలో చూచుకొనుచున్నారు. వృత్తివాని నేర్పు ఇంటింటికి వచ్చినప్పుడు, వృత్తివాని బాధ్యతయు ఇంటింటికి వచ్చినదని మనము తెలిసికొనవలెను.

ఆ పెద్దమనిషికి మేమీయగల సమాధానము ఇంతే: కొత్త పనిముట్టు కొనుట తప్పు కాదు; దానివలన ఎదుటి మనిషిని మునుపటికంటె సరిగా చూడగలిగితిమా యన్నదే నేర్పునకు కొలత. ఇక గృహస్థులకు మా మనవి యొకటి. పెండ్లికి గాని, మఱి దేనికి గాని పిల్ల పటమును బయటికి పంపునప్పుడు, ముందుగా దానిని ఆ పిల్ల చేతి కిచ్చి "ఇది నీవేనా?" యని యడుగుడు. ఆమె యొక్క క్షణము తడబడినను, ఆ పటమును పంపకుడు.