నాకెందుకులెండి!

మా అమ్మాయి కారు కొంటోంది. ఈ రోజుల్లో ఇదీ ఒక విశేషమేనా అంటారేమో. కారు కొనడం కాదండీ విశేషం. కొనేముందు నాలుగు ఆదివారాలపాటు మా ఇంట్లో జరిగిన చర్చ విశేషం. అది కారు దగ్గర మొదలై, చక్రాల మీదుగా, సీట్ల మీదుగా దొర్లి దొర్లి, తీరా నా మీదికొచ్చి ఆగింది.

అమ్మాయి ఉండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో. మేముండేది కాకినాడలో. ఆదివారం మేం భోంచేసి తీరిగ్గా కూర్చునేసరికి దానికి కాఫీ వేళవుతుంది. అప్పుడు ఫోనులో మొహాలు చూసుకుంటూ మాట్లాడుకుంటాం. అక్కడ కారు కొనడమంటే మనలాగా షోరూముకి వెళ్ళి "తెల్లది ఉందా? ఎప్పుడిస్తారు?" అని అడగడం కాదట. కంప్యూటర్లో కారు బొమ్మ ముందు పెట్టుకుని, కావలసిన హంగులకు ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుంటూ పోవాలి. టిక్కు పెట్టినప్పుడల్లా కింద ధర అంకె ఒక గెంతు గెంతుతుంది. అంతా అయ్యాక ఆర్డరిస్తే, కొన్ని నెలలకు అచ్చంగా ఆ కారే తయారై వస్తుంది.

కారు చూడబోతే చిన్నదే. వెనక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుందే, ఆ రకం. మన వీధిలో తిరిగేవాటికీ దానికీ పైకి పెద్ద తేడా తెలియదు. ఇంజను మాత్రం పందెపు గుర్రం. గుంటూరు మిరపకాయ లాంటిదన్నమాట, కొరికితేగాని తెలియదు. ఆ దేశంలో పెద్ద రోడ్ల మీద కొంత మేర వేగానికి హద్దే లేదు. దాని గురించి నాకు బెంగ లేదనను. ఉంది. కాని ముప్ఫై ఏళ్ళు దాటిన పిల్ల, తన సంపాదనతో తను కొనుక్కుంటుంటే వద్దనడానికి నోరు రాలేదు.

ఆ హంగుల్ని విడివిడిగా కాక మూటలు కట్టి అమ్ముతారు. ప్యాకేజీలంటారు. చలికాలం ప్యాకేజీలో సీట్లు వేడెక్కుతాయి, స్టీరింగు వేడెక్కుతుంది. సంగీతం ప్యాకేజీ ఒకటి. పైకప్పంతా అద్దం ఒకటి. పెద్ద చక్రాలు ఒకటి. ఇంకా నాకు పేర్లు నోరు తిరగనివి కొన్ని.

మావారు బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయినవారు. కాగితం తీసి మధ్యన గీత గీశారు. ఒకవైపు "అవసరం", ఇంకోవైపు "అనవసరం". అమ్మాయి ఒక్కొక్క పేరూ చదువుతుంటే ఈయన రాసుకుంటున్నారు. చెప్పొద్దూ, అవసరం కింద ఏమీ పడటం లేదు. మూడోదో నాలుగోదో కొట్టేస్తుండగా అమ్మాయి నవ్వింది.

"నాన్నా, ఆ లెక్కన మొట్టమొదట కొట్టేయాల్సింది కారునే. ఇక్కడ నాకు ట్రాము ఉంది, రైలు ఉంది. ఈ కారే అనవసరం. అనవసరమని తెలిసే కొంటున్నాను. ఇక దానిలో అవసరమేదీ అని వెతికితే ఎలా దొరుకుతుంది?"

మావారు కలం మూసేశారు. ఆ రాత్రంతా నాకు మాత్రం అదే ఆలోచన.

నిజమే కదండీ! మనం సంసారులం. ప్రతిదాన్నీ అవసరం అనే కొలబద్దతో కొలవడం అలవాటు. కాని ఆ కొలబద్దతో కొలిస్తే ముగ్గు అవసరమా? చీరకు అంచు అవసరమా? ఈ జాతి కార్లకు పెద్దక్క లాంటిది గోల్ఫ్ జీటీఐ. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టి, 1976లో అమ్మకానికి తెచ్చారు. దాని లోపలి సొగసు చూసే పని గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే ఆవిడకు అప్పగించారు. ఆవిడ మొదట పింగాణీ మీద బొమ్మలు వేసే పని నేర్చినావిడ. సీట్లకు గళ్ళ బట్ట వేయించింది, గేరు మార్చే కర్ర చివర గోల్ఫ్ బంతి లాంటి గుండు పెట్టించింది. బంతి లేకపోతే గేరు పడదా? పడుతుంది. గళ్ళు లేకపోతే సీటు కుంగిపోతుందా? కుంగదు. 5000 కార్లు అమ్ముడుపోతే చాలనుకుని మొదలుపెట్టారు. ఆ మొదటి తరమే 4 లక్షల 60 వేలు దాటింది. ఇంజను గొప్పే, కాదనను. కాని ఆ గళ్ళసీట్లనీ ఆ బంతినీ జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

అందుకని, అనవసరమైనవన్నీ పాపమనే మాట నేను ఒప్పుకోను. అయితే, ఏది మనకు ముచ్చటై కొంటున్నామో, ఏది అంటగడితే కొంటున్నామో తేడా తెలియాలి. వేడి సీటు కావాలంటే దాని మూటలోనే మనకక్కర్లేనిది ఇంకోటి ఉంటుంది. ఇది మనకి కొత్తా? గ్యాసు కనెక్షన్ కోసం ఏళ్ళతరబడి కాచుకున్న రోజుల్లో, సిలిండరు ఇవ్వాలంటే స్టవ్వు కూడా మా దగ్గరే కొనమనేవారు. ఇంట్లో బంగారం లాంటి స్టవ్వుండగా అది కొని, అటక మీద పెట్టినవాళ్ళెందరో. ఇంకో తమాషా కూడా ఉంది. ముప్ఫై లక్షల వస్తువు ముందు యాభై వేలు చిన్న చిల్లరలా కనపడతాయి. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర వెనకాడతాడా అని అమ్మేవాడికి తెలుసు. తోటకూర కట్ట దగ్గర రెండు రూపాయలకు బేరమాడే మనమే అక్కడ తల ఊపేస్తాం. అన్నట్టు 2022లో ఒక పెద్ద కంపెనీ కొన్ని దేశాల్లో, సీటు కింద వేడి తీగెలు బిగించే అమ్మి, అవి పనిచేయాలంటే నెలనెలా చందా కట్టమంది. ఇల్లమ్మి వంటింటి తాళంచెవి అద్దెకిస్తామన్నట్టు! జనం మొహాన్నే తిట్టారు కాబోలు, మరుసటేడు మానుకుంది.

రెండో ఆదివారం చక్రాల మీద నడిచింది. పెద్ద చక్రాలు వేస్తే కారు ఠీవిగా ఉంటుంది, నిజమే. కాని చక్రం పెరిగినకొద్దీ టైరు పలచనవుతుంది. గతుకులు నడుముకి తెలుస్తాయి, గుంటలో పడితే రిమ్ము వంగుతుంది. పైగా అక్కడ మంచు పడ్డ రోడ్డు మీద చలికాలపు టైర్లు లేకుండా నడపకూడదని చట్టం. అందుకని ఇంట్లో రెండు జతలుండాలి. పెద్ద చక్రానికి పెద్ద ఖరీదు, రెండుసార్లు. "అది చూసేవాళ్ళ కోసం పెట్టే ఖర్చమ్మా, కూర్చునేదాన్ని నేను కదా" అని అమ్మాయే కొట్టేసింది.

దానికి ముచ్చటైనది వేరే ఉంది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌ట. బియ్యం ఏరుకుంటూ నాలుగుసార్లు చెప్పించుకున్నాను. మలుపు తిరుగుతూ గట్టిగా వేగం పెంచితే లోపలివైపు చక్రం పట్టు తప్పుతుంది. మామూలు కార్లో ఇంజను బలం ఆ పట్టు తప్పినదాని దారినే పోయి, అది ఊరికే గిర్రున తిరుగుతుంది. ఇది ఉంటే పట్టున్న రెండో చక్రానికి బలం అందుతుంది. "అంటే, ఉమ్మడి కుటుంబంలో డబ్బంతా సోమరికొడుకు చేతికే పోకుండా కష్టపడేవాడికి కూడా అందేట్టు చూడటమన్నమాట" అన్నాను. "సరిగ్గా అంతేనమ్మా!" అంది. 2023 మోడలుగా అమెరికాలో టయోటా జీఆర్ కరోలా వచ్చినప్పుడు, అన్నిటికంటే తక్కువ ధర రకంలో ఇది విడి ప్యాకేజీగానే ఇచ్చారట. చలికి ఒక మూట, పాటలకు ఒక మూట, దీనికొక మూట.

దీనికి డబ్బెక్కువ. బయటికి కనపడదు. పక్కన కూర్చున్నవాళ్ళకి ఉందో లేదో కూడా తెలియదు. అమ్మాయి పద్ధతేమిటంటే, తర్వాత మార్చుకోగలిగేవి ఇప్పుడు వద్దు, చక్రాలు అలాంటివే. పుట్టుకతోనే రావలసినవీ, కంటికి కనపడకుండా లోపల పనిచేసేవీ ముందు తీసుకోవాలి. మనం సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తాం కదమ్మా, అంది.

అనేసి, మాటల్లో మాటగా అడిగింది. "మన కారుకి ఎయిర్‌బ్యాగులు ఎన్నున్నాయి?"

ఇక్కడే వచ్చింది చిక్కు.

మేం కారు కొన్నది 2020లో, సంక్రాంతి ముందు. అప్పటికి చట్టం ఎలా ఉండేదో చెబుతాను, కోపం తెచ్చుకోకండి. 2019 జూలై నుంచి మన దేశంలో అమ్మే కార్లన్నిటికీ డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. పక్క సీటుకి మాత్రం కాదు. అది కొత్త మోడళ్ళకు 2021 ఏప్రిల్ నుంచీ, అప్పటికే అమ్మకంలో ఉన్నవాటికి 2022 జనవరి నుంచీ వచ్చింది. అంటే, నడిపేవారి ప్రాణం కారు ధరలోనే కలిసి ఉండి, పక్కనున్నవారి ప్రాణం ఇష్టమైతే కొనుక్కునే హంగుగా ఉన్న రోజులు రెండున్నరేళ్ళు. మన ఇళ్ళల్లో ఆ పక్క సీట్లో కూర్చునేదెవరో నేను చెప్పనక్కర్లేదు. 1959లో ఒక స్వీడన్ కంపెనీ, ఇప్పుడు మనమంతా కట్టుకునే మూడు కొసల సీటుబెల్టు కనిపెట్టి, ప్రాణం సంగతి కదా అని పేటెంటు పట్టుకు కూర్చోకుండా ఎవరైనా వాడుకోండని వదిలేసింది. అలాంటివాళ్ళూ ఉన్నారు.

మేం చూసిన కారులో రెండు రకాలుండేవి. ఒకదాని పేరు చివర ఇంగ్లీషు ఓ అక్షరం. ఆప్షనల్ అన్నమాట. దానికి రెండో ఎయిర్‌బ్యాగు ఉంది. తేడా ఆరేడు వేలు. షోరూము కుర్రాడు చక్కగానే విప్పి చెప్పాడు. మావారు నా వైపు చూశారు. "నాకెందుకులెండి" అన్నాను.

ఆ మాట అని, పక్క గదిలోకి వెళ్ళి ఏం చేశానో తెలుసా? సీటు కవర్లు ఎంచాను. మెరూన్ రంగువి, తోలులాగా మెరిసేవి. కాళ్ళకింద పట్టాలు, వెనకద్దానికి తెర. అంతా కలిసి ఎనిమిది వేలయింది.

ఇది విని అమ్మాయి ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కోప్పడింది. నా మీద అంత కోపం అదెప్పుడూ చూపించలేదు. "సర్దుకుపోవడం మంచిదేనమ్మా. కాని ఆ సీట్లో నువ్వొక్కదానివే కూర్చుంటావా?" అంది.

కూర్చోను. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ, మోకాళ్ళ నొప్పులని, ఆవిడే కూర్చునేవారు. అమ్మాయి వచ్చినప్పుడు అదే కూర్చుంటుంది. విమానాశ్రయం నుంచి ఇంటిదాకా, నిద్రకళ్ళతో, తల అద్దానికి ఆనించి. నాది కాని సీటుని నేను త్యాగం చేసేశాను.

త్యాగమని కూడా అనలేను. త్యాగానికి కాస్త ఆలోచన ఉండాలి. ఇది కావాలి, అయినా వదులుకుంటున్నాను అని మనసుకి తెలియాలి. నేను ఆలోచించనే లేదు. మాడిన అట్టు నా పళ్ళెంలో వేసుకోవడానికి ఆలోచిస్తామా? చెయ్యి అటే వెళ్తుంది. మావారిది తప్పనీ అనను. ముప్ఫై అయిదేళ్ళుగా నా నోట విన్న మాటే మళ్ళీ విన్నారు, నమ్మారు. కాస్త నమ్మకుండా ఉండవలసింది అని మాత్రం ఇప్పుడనిపిస్తుంది. చీరల కొట్లో నా "నాకెందుకులెండి"ని ఆయన నమ్మేవారు కాదు. కొనిపించేవారు. చీర కంటికి కనపడుతుంది కదూ!

మా అమ్మాయి తనకేం కావాలో ఒక్కొక్కటిగా తేల్చుకుంటుంటే, మొదట్లో నాకు లోపల చిన్న మూలుగుండేది, ఇంత తనకోసం తనే ఆలోచించుకుంటుందేమిటి పిల్ల అని. కాని దాని జాబితా చూస్తే, వద్దనుకున్నవి కోరుకున్నవాటికి రెట్టింపున్నాయి. అద్దాల కప్పు వద్దంది, పాటల మూట వద్దంది, చక్రాలు వద్దంది. ప్రతి వద్దుకీ దాని దగ్గర కారణముంది. నా వద్దుకి ఏ కారణమూ లేదు.

మా కారు అమ్మేసి ఆరు ఎయిర్‌బ్యాగులున్నది తీసుకోమంటుంది. మావారు పాతదానికి ఎంతొస్తుందో వాకబు చేస్తున్నారు. మెరూన్ కవర్లకి ఒక్క రూపాయి కూడా కలవదట.

నాలుగో ఆదివారం అన్నీ తేలిపోయి, ఆఖరిగా చలికాలం ప్యాకేజీ మిగిలింది.

"అమ్మా, ఇందులో ముందు సీట్లు రెండే వేడెక్కుతాయి. వెనక సీట్లకి కావాలంటే విడిగా కట్టాలి. డిసెంబరులో మీరిద్దరూ వస్తారుగా, వెనకెవరు కూర్చుంటారు?"

అలవాటు చొప్పున మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నాన్న కూర్చుంటారు. నేను ముందు" అన్నాను.

మావారు కళ్ళజోడు తీసి నా వైపు ఒకసారి చూశారు. తర్వాత సొరుగులోంచి ఆ గీత గీసిన పాత కాగితం బయటికి తీసి, కలం మూత విప్పి, ఫోను దగ్గరికి జరిగారు.

"ఏమ్మా, ఆ వెనక సీట్లకి వేడి అన్నావే, అదెంతవుతుంది?"