శ్రావణ వాయినం



శ్రావణం వచ్చిందంటే మన ఇళ్ళలో పేరంటాల సందడే. మంగళవారాలు మంగళగౌరి నోము, పౌర్ణమికి ముందు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. గడపకు పసుపు, గుమ్మానికి మామిడి తోరణం, సాయంత్రానికి ఇరుగుపొరుగు అమ్మలక్కల కబుర్లు.

ఇంతకీ పేరంటానికి వచ్చినవారికి ఇచ్చే వాయినంలో ఏముంటుంది? రాత్రి నానబోసిన శనగలు, రెండు తమలపాకులు, వక్క, అరటిపండు, పసుపు కుంకుమ, ఓ రవికె గుడ్డ. ఆ శనగలను తడిగుడ్డలో మూటగడితే తెల్లని మొలకలు వస్తాయి. ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెడితే ఇంటిల్లిపాదికీ ఫలహారం. ఇచ్చినవారికి భారం కాదు, పుచ్చుకున్నవారికి వృథా కాదు. మంచి కానుకంటే ఇదే.

ఇప్పుడు వాయినం పళ్ళెంలోకి ప్లాస్టిక్ డబ్బాలు వచ్చి చేరాయి. వాటిలో చాలావరకు అటకెక్కుతాయి, లేదంటే మరో పేరంటంలో చేతులు మారతాయి. ఈసారి ఓ చిన్న మార్పు చేద్దాం. ఇది వానాకాలం. మందారం కొమ్మ తడి మట్టిలో గుచ్చితే చిగురు వేస్తుంది. తులసి కోట చుట్టూ రాలిన గింజలు వాటంతటవే మొలుస్తాయి. అలాంటి మొక్కనొకటి కొబ్బరి చిప్పలో నాటి, శనగల పక్కన పెట్టి ఇవ్వండి.

మరో మాట. ఒంటరిగా ఉండే పెద్దావిడను, భర్త పోయిన పక్కింటి అక్కను, కొత్తగా అద్దెకు దిగినవారిని కూడా నోరారా పిలవండి. ఏ ఒక్కరూ గుమ్మం బయట మిగలకుండా చూసుకోండి. అప్పుడే అది నిండైన పేరంటం.