తొట్టి కట్టినవాని పూచీ

మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి గదియందు ఒక గాజుతొట్టి యుండెను. అడుగున ఏటియిసుక, నాలుగు గులకరాళ్ళు, రెండు మూడు నీటిమొక్కలు, వాని నడుమ ఐదు చిన్న చేపలు. ఏడాదికి పైగా ఆ చేపలు హాయిగా తిరుగుచుండెను. పోయిన సంవత్సరము తనిఖీకి అధికారి వచ్చుచున్నాడని తెలిసి, నేను బాలురను పిలిచి, తొట్టి పాచిపట్టి అసహ్యముగా నున్నదనియు, నీరంతయు పాఱబోసి, ఇసుకను రాళ్ళను తళతళలాడునట్లు తోమి, క్రొత్తనీరు నింపవలసినదనియు ఆజ్ఞాపించితిని. వారు నా మాటను అక్షరాల నెఱవేర్చిరి. మొక్కలను సైతము పెఱికి పాఱవైచిరి. తనిఖీనాడు తొట్టి అద్దమువలె మెఱసెను. అధికారి మెచ్చుకొనెను. వారము తిరుగకమున్నే ఐదు చేపలును వెల్లకిల తేలినవి.

వానిని గోతిలో పూడ్చి వచ్చిన పిల్లవాడొకడు నన్నడిగెను: "మేష్టారూ, మరి కొల్లేటిని ఎవరు కడుగుతారండీ?"

సంస్కృతమున కొంతయు ఆంగ్లమున కొంతయు చదివినవాడనే గాని, ఆ ప్రశ్నకు నాకు వెంటనే సమాధానము దొరకలేదు. దొరికిన పిమ్మట, అది ప్రకృతిశాస్త్రమునకు సంబంధించినది మాత్రమే కాదనియు, ధర్మవిచారమునకు గూడ సంబంధించినదనియు నాకు తోచినది. అందుచేత దానిని పాఠకుల యెదుట నుంచుచున్నాను.

చేపలేల చచ్చినవి? చేప విసర్జించు మాలిన్యములో అమోనియా యను విషము కలదు. ఇసుకరేణువులను, రాళ్ళను అంటిపెట్టుకొని కంటికి కానరాని సూక్ష్మజీవులు నివసించును. వానిలో ఒక తెగ అమోనియాను నైట్రైటుగా మార్చును. మఱియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. మొదటి రెండును చేపకు విషములు. మూడవది అంతగా హాని చేయనిది, పైగా మొక్కకు ఆహారము. నేను మురికియని కడిగించినది నిజమునకు మురికి కాదు; ఆ తొట్టిలోని పనివాండ్రు. యజమానుడను నేనే వారిని వెడలగొట్టి, వారి పని మాత్రము ఎవరికిని అప్పగింపనైతిని.

జీవులును, వానిని చుట్టుకొనియున్న నేల, నీరు, గాలి, వెలుతురును కలిసి ఒక్కటియై నడచు సముదాయమునకు 1935లో టాన్స్‌లీ యను ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఒక పేరు పెట్టెను. దానినే మనవారు ఆవరణ వ్యవస్థ యనుచున్నారు. కొల్లేరట్టిది. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున నున్న ఈ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏఱులు వచ్చి కలియును. ఉప్పుటేరు దీని మిగులునీటిని సముద్రమునకు గొనిపోవును. వానకాలమున కొల్లేరు పొంగి ప్రక్కలకు వ్యాపించును, వేసవిలో కృశించును. వఱదతో వచ్చిన ఒండ్రు ఇచ్చట నిమ్మళముగా దిగును. తుంగయు కిక్కిసయు నీటి వేగమునడచి, అందలి ఎరువును పీల్చుకొనును. క్రొత్తనీరు ప్రాకిన మెఱకలలో చేపలు గ్రుడ్లు పెట్టును. గూడబాతులు ఆ చేపలను తినును. వాని రెట్ట మరల నీటికి ఎరువగును. కొల్లేటిని ఎవరు కడుగుదురన్న బాలునికి నేనిప్పుడు చెప్పగల సమాధాన మిది: అందున్నవారందఱును కడుగుదురు, కడుగుచున్నామని యెవరును ఎఱుగరు.

ఇంతమాత్రమున ప్రకృతి దయామయి యని నేననను. కొల్లేటి వఱద లంకయూళ్ళను ముంచినది. కఱవునాడు అడుగు నెఱ్ఱెలు విచ్చినది. చేపపిల్లలలో నూటికి తొంబదికి పైగా పెద్దవి కాకయే నశించును. ప్రకృతికి ధర్మము లేదు, అధర్మమును లేదు. దానికి ఉన్నదొక్కటే: ఒకరి ఎంగిలి మఱియొకరికి అన్నమగుట. ఆ లెక్క యుగముల కొలదిగా సరిపడుచు వచ్చినది గనుక అచ్చట ఎవరి పూచీయు అక్కఱలేదు.

మనుష్యుడు కట్టినది వేఱు. మా ప్రాంతపు చేపల చెఱువును చూడుడు. నలువైపుల గట్టు వేసి, బొచ్చె, శీలావతి పిల్లలను వదలి, తవుడును చెక్కయు మేత పెట్టుదురు. సహజముగా బ్రతుకగలవానికంటె అనేక రెట్లు చేపలు అందుండును. పగలు నీటిలోని నాచు ఎండకు ప్రాణవాయువును పుట్టించును. రాత్రియందు ఆ నాచే దానిని పీల్చును. మబ్బు పట్టిన మఱునాడు తెల్లవారుజామున ప్రాణవాయువు చాలక చేపలు నోళ్ళు తెఱచి పైకి తేలును. అందుచేత ఏరియేటరు త్రిప్పవలయును, రాత్రి కావలి యుండవలయును, నీరు మార్చవలయును. కొల్లేటిలో గాలియు, గడ్డియు, వఱదయు చేసిన పని ఇచ్చట కూలివాని తలపైకిని విద్యుత్తుమీదికిని వచ్చినది. ఒక్క పనివానిని తీసివేసితిమా, వాని పని మనమే చేయవలయును. కృత్రిమ వ్యవస్థకెల్ల ఇదియే మూలసూత్రము.

ధనమునకును విద్యకును కొదువలేనివారు సైతము ఈ సూత్రమును దాటలేకపోయిరి. అమెరికాలో ఆరిజోనా యెడారియందు మూడెకరములకు మించిన గాజుభవనమొకటి కట్టి, దానికి 'బయోస్ఫియర్ 2' అని పేరిడిరి. అందు చిన్న అడవి, గడ్డిబీడు, బుల్లి సముద్రము, పంటభూమి అన్నియు నమర్చిరి. 1991 సెప్టెంబరు 26న ఎనిమిదిమంది లోపల ప్రవేశించి, రెండేండ్లు బయటి గాలి తగులకుండ బ్రతుకుదుమని తలుపులు బిగించుకొనిరి. గాలిలో నూటికి దాదాపు 21 పాళ్ళుండిన ప్రాణవాయువు పదునాఱు నెలలలో 14 పాళ్ళకు దిగజాఱెను. పంటకై తెచ్చిన సారవంతమైన మట్టిలోని సూక్ష్మజీవులు దానిని పీల్చివైచినవి. అవి విడిచిన బొగ్గుపులుసుగాలి మొక్కలకు చేరి మరల ప్రాణవాయువు కావలసియుండగా, అందు చాల భాగమును భవనపు కాంక్రీటు గోడలు పీల్చుకొనెను. పువ్వులపై వ్రాలి పుప్పొడి మోయు పురుగులు చచ్చినవి. చీమలును బొద్దింకలును వృద్ధియైనవి. తుదకు 1993 జనవరిలో బయటినుండి ప్రాణవాయువును పంపవలసివచ్చెను. వారిని పరిహసించుటకు నేనిది వ్రాయలేదు. వారి వలన లోకము చాల నేర్చుకొన్నది. గోడ సైతము ఊపిరిలో పాలు పంచుకొనునని యెవరు తలతురు?

అయినచో కృత్రిమమెల్ల త్యాజ్యమా? కాదు. వరిచేను కృత్రిమము, కొబ్బరితోట కృత్రిమము. కొల్లేటిలో దొరకిన చేపలతోడనే దేశమునకు కూడు పెట్టజాలము. కాకతీయులనాడు 13వ శతాబ్దియందు కట్టిన రామప్ప చెఱువు, పాకాల చెఱువు మనుష్యుని చేతిపనులే. నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. అవి నిలుచుటకు రాతికట్ట యొక్కటే కారణము కాదు. మన పల్లెచెఱువులకు తూము విడుచుటకు నీరటి యుండెను. పంటలో అతనికి పాలుండెను. వేసవిలో పూడిక తీసి పొలములకు తోలిరి. చెఱువునకు లోతు, చేనికి ఎరువు. అలుగు దూకిన నీరు క్రింది చెఱువునకు పోయెను. ఆ యేర్పాటు నిర్దోషమని నేననను. పూడిక మోసిన చేతులకు అదే చెఱువున నీరు ముంచుకొను అధికారము లేని యూళ్ళు మనకు సిగ్గుచేటుగా నుండెను. కాని పని యెవరిదో ఊరందఱికిని తెలిసియుండెను.

నేటి దోషమిచ్చటనే యున్నది. కొల్లేటి గర్భమున చేపల చెఱువులు 1970ల దశకమున బీదజాలరుల సహకార సంఘముల పేర ఆరంభమైనవి. క్రమముగా కౌళ్ళమీద ధనవంతుల చేతులలో పడినవి. 1999లో ఐదవ కాంటూరు వఱకు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో చేర్చిరి. 2006లో గట్లు పగులగొట్టిరి. పిమ్మట గట్లు మరల లేచినవి. పగిలిననాడు ముందు కూలిపోయినది కూలివాని బ్రతుకు. లేచిననాడు లాభము కౌలుదారునిది. 2024 సెప్టెంబరులో బుడమేటికి గండ్లు పడి విజయవాడలో వేలకొలది యిండ్లు నీట మునిగినవి. కారణములు పెక్కులు కలవు. గాని ఆ నీరు తుదకు చేరవలసిన చోటు కొల్లేరే. దారిని, చోటును ఇఱుకు చేసిన ప్రతివాడును తన గట్టు చిన్నదనియే చెప్పును.

పరులను నిందించుట సులభము. మా తండ్రిగారి వలన సంక్రమించిన నాలుగెకరముల పల్లపుభూమి మా అన్నగారి యేర్పాటున చేపల చెఱువైనది. దాని కౌలులో సగము ఏటేట నాకు ముట్టుచున్నది. దానితోడనే మా అమ్మాయి చదువు సాగుచున్నది. మా గట్టు ప్రక్కనే ఒక పేదరైతు ఎకరము వరి పండించును. అతడొకనాడు నా వాకిట నిలిచి, "మేష్టారూ, మీ చెరువు నిండితే నా చేలో ఊట. వరి దుబ్బులు కుళ్ళిపోతున్నాయండి" అనెను. నేను పాఠశాలలో చచ్చిన ఐదు చేపలకై విచారించినవాడను. ఈతని మాట రెండేండ్లు వినియు విననట్లుంటిని.

ఈ యేడు కౌలుపత్రము వ్రాలునకు వచ్చినప్పుడు, గట్టు చుట్టును ఊటనీరు పట్టు కాలువ త్రవ్వింపనిదే నేను వ్రాలు చేయనంటిని. "ఒరే తమ్ముడూ, కాలువకు పోయే నేల ఎవడిస్తాడురా?" అని అన్నగారు నవ్విరి. మన నేలయే పోవలయునంటిని. ఆయన నవ్వు ఆగినది, మాటయు ఆగినది. వ్యవహార మింకను తేలలేదు. ఆ కౌలు లేనిచో అమ్మాయి జీతము కట్టుటకు నాకు అప్పు తప్పదు. అయినను మాట వెనుకకు తీసికొనలేదు.

పాఠశాలలో తొట్టి మరల పెట్టితిమి. ఈమాఱు పాతచెఱువు అడుగునుండి గుప్పెడు ఇసుకయు, నాచుతో కూడిన రాయియు తెచ్చి వేసితిమి. సెలవులలో ఎవరు చూడవలయునో పేర్లు వ్రాసి గోడకంటించితిమి. తొట్టి మునుపటివలె మెఱయుట లేదు, చేపలు బ్రతికియున్నవి. ఏరును సరస్సును మనము లేకున్నను నడచును. మనము కట్టినది మనలను విడువదు. ఫలము మన యింటికిని, పని పొరుగువాని నెత్తికిని పంపినంతకాలము అది వ్యవస్థ కాదు, అప్పు. ఆ అప్పు మన పేరనే యున్నదని ఒప్పుకొనుట గట్టు వేయువాని మొదటి ధర్మము.