గండికోట లోయకు దిగనున్న చిరంజీవికి

ప్రొద్దుటూరు.



నీవును నీ ముగ్గురు మిత్రులును హైటెక్ సిటీ కొలువులకు సెలవు పెట్టి, గుడారములును వంటసామగ్రియు వీపున మోసికొని, గండికోట వద్ద పెన్న లోయలోనికి దిగి, ఏటి వెంబడి మూడు దినములు నడచుచు రెండు రాత్రులు అందే గడపవలెనని సంకల్పించితిరని మీ నాయన ఫోనులో చెప్పగా విని సంతోషించితిని. ఎఱ్ఱమల కొండలను కోసికొని పెన్న పాఱిన ఆ గండిని కాలినడకను చూడవలెనని ఈ వయస్సున నీకు బుద్ధి పుట్టుట మంచిదే. మాన్పింపుమని మీ నాయన నన్ను వేడుకొన్నాడు గాని, నేను మాన్పింపను.

అయితే మీరు తలచినట్లు ఉగాది సెలవులలో వలదు. అప్పటికే మా సీమలో ఎండలు ముదురును. ఆ లోయ గోడలు, భూగర్భశాస్త్రజ్ఞులు గండికోట పేరనే పిలుచు క్వార్ట్‌జైట్ శిలలు, పగలెల్ల గ్రహించిన వేడిమిని రాత్రి మెల్లగా విడుచును. మార్గశిర పుష్యములు తగిన కాలము. రాత్రంతయు కారు నడిపి, నిద్రలేని కన్నులతో తెల్లవాఱగనే లోయ దిగుటయు కూడదు.

ఇక నీటి మాట. వేసవిలో మీ బాచుపల్లిలో బోరులు ఎండి, అపార్టుమెంటు వాకిట ట్యాంకరు నిలుచుట నీవెఱుగుదువు గాని, ఆ నీటి బరువును నీ వీపు ఎఱుగదు. కాగితము తీసికొని లెక్క వేయుము. మూట మోయుచు ఎండలో నడచువానికి త్రాగుటకే దినమునకు 4 లీటర్లకు తక్కువ కాకుండ వలయును, మూడు దినములకు 12 లీటర్లు, అనగా 12 కిలోలు, నలుగురికి 48. వంటకు వేఱుగా కావలెను. అంత మోయుట మీ వలన కాదు, కనుక ఏటి నీటినే వడగట్టి, తెర్లకాచి త్రాగవలసివచ్చును. అందుకు కావలసిన ఇంధనమును కూడ ఆ లెక్కలోనే చేర్చుము.

ఏటి గర్భమున గుడారము వేయుటకు ముందు మఱియొక సంగతి విచారింపుము. లోయకు ఎగువన 26 టీఎంసీలకు మించిన గండికోట జలాశయమును, దిగువన మైలవరము జలాశయమును ఉన్నవి; పైన గేట్లెత్తినచో ఆ నీరు ఈ యిఱుకు దారినే రావలెను. అమెరికాలో ఆరిజోనా ఎడారియందలి యాంటిలోప్ లోయలో 1997 ఆగస్టు 12న వరద వచ్చి 11 మంది యాత్రికులను పొట్టనబెట్టుకొన్నది. ఆ వాన వారున్న చోటికి ఎగువన, దూరముగా కురిసినది. నీటిపారుదల శాఖవారిని అడిగి తెలిసికొనక ఏటిలో ఒక్క రాత్రియు పండుకొనకుడు. గండికోట నేలిన పెమ్మసాని నాయకులంతటివారు ఆ లోయను కోటకు కందకముగా వాడుకొనిరే గాని, కోటలోని ధాన్యాగారమును, కోనేరును, ఆలయములును గట్టుపైననే యున్నవి. రాత్రులు పైన బసచేసి, వేకువనే దిగి, ఎండ ముదురకమునుపే ఎక్కివచ్చుట నాకు నచ్చిన పద్ధతి.

ఇంతకంటెను నా మనస్సున మెదలుచున్నది వేఱొకటి. కొండ ఎక్కువాడు అలసినచో వెనుదిరిగి దిగవచ్చును. లోయ దిగినవాడు అలసిన పిమ్మటనే ఎక్కవలెను. కావున మీలో బలవంతుడెంత దూరము నడువగలడని గాక, బలహీనుడు ఎంత దూరము పోయి తిరిగి ఎక్కగలడని చూచి దారిని నిర్ణయింపవలెను. మీలో నొకనికి మోకాలి నొప్పి యున్నదని నీవే వెనుక చెప్పియుంటివి. అతడు సిగ్గుచేత నోరు మెదపడు; స్నేహితుల ఉత్సాహము చెడునేమోయని పండ్లు బిగించి నడచును. అట్టివాని చేత "అలసితిని" అని యనిపించుకొనక ముందే ఆగుట నీ ధర్మము. వాని నొప్పిని పరిహాసము చేయువాడు మీ గుంపులో నున్నచో వానిని ఇంటనే విడిచి పొండు. బయలుదేఱుటకు నెల దినములు ముందుగా నలుగురును మూటలు కట్టుకొని, మీ అపార్టుమెంటు పది అంతస్తుల మెట్లను మూడు మారులు ఎక్కుడు. గండికోట లోయ లోతు సుమారు 300 అడుగులు గనుక ఇంచుమించు సరిపోవును. ఎవని ఊపిరి ఎచ్చట ఎగసెనో అచ్చటనే తెలియును.

గండికోట గ్రామమున గొఱ్ఱెల కాపరి నొకనిని న్యాయమైన కూలికి వెంటబెట్టుకొనుడు. పోవు దారియు, తిరిగివచ్చు గడియయు గ్రామమున ఒకరికి చెప్పి పొండు. మీరు రాకున్నచో తమ పని మానుకొని, చీకటిలో ఆ బండలమీద వెదకవలసినవారు ఆ గ్రామస్థులే గదా. వారి కాళ్లకును ప్రాణమున్నది, నాయనా.

మాసము మార్చి, నీటి లెక్క తేల్చి ఆ కాగితము నాకు పంపుము. అంతకుముందు దానిని మోకాలి నొప్పిగల ఆ కుఱ్ఱవానికి చూపి, వాడు కొట్టివేయుమన్న దానిని కొట్టివేయుము.

ఇట్లు,
నీ పెద్దనాన్న