ముఖం చూశాం, మనిషిని చూశామా?

పుదుచ్చేరి పట్టణాన్ని ఒక కాలువ రెండుగా చీలుస్తుంది. సముద్రం వైపు భాగాన్ని ఫ్రెంచివాళ్లు తెల్ల పట్టణం అన్నారు. పడమటి భాగాన్ని నల్ల పట్టణం అన్నారు. మనిషి ఎవరో తెలియకముందే వాడి ఒంటి రంగు చూసి ఏ గట్టు వాడో తేల్చేసిన కాలమది. ఆ ఊరి సముద్రపు ఒడ్డున కూర్చుని నేనీమధ్య ఒక ప్రేమ నవల చదివాను. అమెరికన్ రచయిత్రి కేథరిన్ సెంటర్ 2023లో వెలువరించిన ‘హలో స్ట్రేంజర్’. ధమ్మం గురించి మాట్లాడుకునే చోట ప్రేమ నవలతో పనేమిటని మీరు అడగవచ్చు. అది లేవనెత్తే ప్రశ్న మనది కూడా కాబట్టి.

కథానాయిక సేడీ ముఖచిత్రాలు గీసే చిత్రకారిణి. మెదడుకు శస్త్రచికిత్స జరిగాక ఆమెకు ముఖాలు అందకుండా పోతాయి. కళ్లు, ముక్కు, నోరు విడివిడిగా కనిపిస్తాయి గాని అవన్నీ కలిసి ఒక మనిషి ముఖం కావు. ఈ స్థితికి ప్రొసోపగ్నోసియా అని జర్మన్ వైద్యుడు బోడామర్ 1947లో పేరు పెట్టాడు. చూపు పోదు, తెలివి తగ్గదు, ముఖాన్ని గుర్తుపట్టే శక్తి ఒక్కటే దెబ్బతింటుంది. కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. నాడీ వైద్యుడు ఆలివర్ శాక్స్‌కు ఉండేది. గోడంత ముఖచిత్రాలు గీసిన చక్ క్లోజ్‌కూ ఉండేది.

సేడీ తన లోపాన్ని దాచిపెడుతుంది. దాంతో తన కుక్కకు వైద్యం చేసే డాక్టరు ఒకరు, తాముండే భవనంలోని పొరుగువాడు ఇంకొకరు అనుకుంటుంది. ఒకచోట తెల్లకోటు, మరొకచోట పాత జాకెట్టు. నిజానికి ఇద్దరూ ఒక్కడే.

ఇది చదవగానే నాకు బరోడా గుర్తొచ్చింది. 1917లో విదేశాల్లో చదివి తిరిగివచ్చిన బాబాసాహెబ్ అక్కడ ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ పేరు రాయించి ఒక పార్సీ సత్రంలో దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లు ఆయన్ను వెళ్లగొట్టారు. పది రోజులూ ఉన్న ముఖమే పదకొండో రోజునా ఉంది. మారింది పేరు వెనక కులం గురించి వాళ్లకు తెలిసిన సంగతి ఒక్కటే. సేడీ ఒక మనిషిని ఇద్దరుగా చూసింది జబ్బు వల్ల. మరి బరోడాలో ఒక మనిషిని ఇద్దరుగా చూసిన ఆ కళ్లకు ఏ జబ్బు?

పుదుచ్చేరికీ ఇలాంటి కథ ఉంది. 1881 నాటి ఫ్రెంచి డిక్రీ ప్రకారం, తమ ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందికి వచ్చినవారు కొత్త ఇంటిపేరు పెట్టుకున్నారు. వారిలో అణగారిన కులాలవారు చాలామంది. పేరు మారింది. చూసే కళ్లు కూడా మారాలి కదా!

“మాకసలు కులమే కనిపించదు” అనేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. అది సేడీ దాపరికం లాంటిదే. లోపాన్ని దాచినంతకాలం ఆమె పొరబడుతూనే ఉంది. కనిపించదు అనడం వేరు, చూడటం నేర్చుకోవడం వేరు.

జబ్బుతో మంచం పట్టిన వక్కలి అనే భిక్షువు తన దర్శనం కోసం తపిస్తే, ఈ దేహాన్ని చూసి ఏం లాభమని, ధమ్మాన్ని చూస్తే తనను చూసినట్లేనని బుద్ధుడు చెప్పాడంటుంది సంయుత్త నికాయం. అయితే ముఖంతో పనిలేదని దీనికి అర్థం చెప్పుకోకూడదు. ఆ మాట చెప్పడానికి బుద్ధుడు స్వయంగా వక్కలి మంచం దగ్గరకు నడిచి వెళ్లాడు. ఎదుటివాడు మనల్ని గుర్తుపట్టాలన్న ఆశ తప్పు కాదు. దేన్ని పట్టుకుని గుర్తిస్తారన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న పరాయివాళ్లకు మాత్రమే కాదు. విహారానికి కొత్త మనిషి వస్తే మనం ముందు ఏమడుగుతున్నాం? ఏ ఊరు, ఇంటిపేరేమిటి అని. ఉపకులం తేలేదాకా మనసు ఊరుకోదు. తేలాక ఇక ఆ మనిషిని చూడటం మానేస్తాం, తెలిసిపోయాడనుకుంటాం.

సేడీకి చివరికి దారి చూపింది నిజాయితీ. నాకు ముఖాలు గుర్తుండవు, మీరెవరో చెప్పండి అని ముందే చెప్పేయడం. చెప్పాక గొంతు వినాలి, నడక చూడాలి, చేసే పని చూడాలి. సమ్యక్ దృష్టికి మొదటి మెట్టు అదే అనిపిస్తుంది నాకు. నాకు సరిగా కనిపించడం లేదని ఒప్పుకోవడం.